సిక్ లీవులో ఉండగా ఉద్యోగం పోతే: రిట్రెంచ్‌మెంట్ పరిహారంపై తరచుగా అడిగే ప్రశ్నలు

పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలు, నెల్లిమర్ల, రాజాం, బొబ్బిలి జూట్ మిల్లులు, గరివిడి చుట్టుపక్కల ఫెర్రో ఎల్లాయిస్ యూనిట్లు, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలు. వీటిలో పనిచేస్తూ కిడ్నీ జబ్బుతోనో, టీబీతోనో, గుండె ఆపరేషన్ వల్లనో, ప్రమాదం వల్లనో నెలల తరబడి ఇంటిపట్టున ఉండిపోయినవాళ్ల కోసం ఈ ప్రశ్నలు. రిట్రెంచ్‌మెంట్ అంటే శిక్షగా కాకుండా మరో కారణంతో యాజమాన్యం ఉద్యోగం తీసేయడం. వీళ్లలో చాలామందికి రావలసిన డబ్బు చట్టం వల్ల పోవడం లేదు. ఉద్యోగం పోయిన తీరుకి కాగితం మీద వేరే పేరు పెట్టడం వల్ల పోతోంది. అందుకే లెక్కలతో పాటు కాగితాల గురించి కూడా కాస్త ఎక్కువగానే రాశాం.

ముందుగా, ఏ చట్టం చూడాలి? పాతదా, కొత్తదా?

ఉద్యోగం పోయిన తేదీ చూడండి. 2025 నవంబర్ 21కి ముందు అయితే 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం. ఆ రోజు నుంచి అయితే పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020. పరిహారం లెక్క రెండింటిలోనూ దాదాపు ఒకటే. గడువులు, జీతం నిర్వచనం, ప్రభుత్వ అనుమతికి పెట్టిన కార్మికుల సంఖ్య మారాయి. తేడా ఉన్నచోట చెబుతూ వెళ్తాం.

ఈ పరిహారం ఎవరికి వస్తుంది?

చట్టం దృష్టిలో ‘వర్కర్’ అయినవాళ్లకి. మెషీన్ మీద పనిచేసేవాళ్లు, హెల్పర్లు, ప్యాకింగ్, ల్యాబ్, క్లర్కు, టెక్నికల్ పనులు చేసేవాళ్లు అందరూ వస్తారు. మేనేజర్ స్థాయి వాళ్లు రారు. సూపర్‌వైజర్లకు కొత్త కోడ్‌లో నెలకు 18,000 రూపాయల హద్దు ఉంది, పాత చట్టంలో అది 10,000. విజిటింగ్ కార్డు మీద ‘ఆఫీసర్’ అని ఉన్నా రోజంతా చేసేది రియాక్టర్ దగ్గర వాల్వులు తిప్పడమే అయితే మీరు వర్కరే. హోదా పేరు కాదు, చేసే పని చూస్తారు.

రెండో షరతు: కనీసం ఒక ఏడాది నిరంతర సర్వీసు ఉండాలి.

సిక్‌లో ఉన్న మనిషిని అసలు తీసేయొచ్చా?

పని తగ్గిందనో, సెక్షన్ ఎత్తేస్తున్నామనో నిజమైన కారణంతో రిట్రెంచ్ చేస్తుంటే సిక్ లీవులో ఉన్నంత మాత్రాన ఆ జాబితాలో మీ పేరు ఉండకూడదనే సాధారణ నియమం లేదు. కానీ ఈఎస్‌ఐ (కార్మిక రాజ్య బీమా) ఉన్నవాళ్లకి ఒక రక్షణ ఉండేది. 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షన్ ప్రకారం సిక్‌నెస్ బెనిఫిట్ (జబ్బు కాలంలో ఈఎస్‌ఐ ఇచ్చే డబ్బు) తీసుకుంటున్న రోజుల్లో డిస్మిస్, డిశ్చార్జి, మరో రకం శిక్ష ఏదీ కుదిరేది కాదు. ఆ రోజుల్లో ఇచ్చిన నోటీసు చెల్లదు. 2025 నవంబర్ 21కి ముందు నోటీసు అందుకున్నవాళ్లు ఈ పాయింటు మొదటి పేరాలోనే రాయాలి. నోటీసు తేదీ, బెనిఫిట్ డబ్బు పడిన తేదీలు పక్కపక్కన పెట్టి చూపించాలి.

తీసేస్తే ఏమేం రావాలి?

ఒక నెల ముందు రాతపూర్వక నోటీసు, అందులో కారణం. నోటీసు లేకపోతే నెల జీతం. పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకి 15 రోజుల సగటు జీతం పరిహారం. చివర్లో ఆరు నెలలు దాటిన ముక్క ఉంటే దాన్నీ ఒక ఏడాదిగా లెక్కేస్తారు. ఇవి పాత చట్టంలో 25ఎఫ్, కొత్త కోడ్‌లో 70వ సెక్షన్.

దీనికి తోడు గ్రాట్యుటీ, వాడని ఈఎల్‌కి (జీతంతో కూడిన ఎర్న్‌డ్ లీవుకి) డబ్బు, పని చేసిన రోజుల బకాయి జీతం, ఆ ఏడాది బోనస్‌లో మీ వాటా. కొత్త కోడ్ కింద ఇంకొకటి కూడా ఉంది: రీస్కిల్లింగ్ ఫండ్, అంటే పని పోయినవాళ్లు కొత్త పని నేర్చుకోవడానికి పెట్టిన నిధి. దానికి యాజమాన్యం 15 రోజుల ఆఖరి జీతం జమ చేయాలి. రిట్రెంచ్ చేసిన 45 రోజుల్లో ఆ డబ్బు కార్మికుడి ఖాతాలో పడాలి. పరిహారం ఇచ్చేశాం కదా అని దీన్ని ఎగ్గొట్టడానికి లేదు. అది వేరు, ఇది వేరు.

జీతం బకాయిలకి వేతనాల కోడ్‌లో గట్టి గడువు ఉంది: తీసేసిన రోజు నుంచి రెండు పని దినాలు. గ్రాట్యుటీకి 30 రోజులు, దాటితే వడ్డీ.

సిక్‌లో ఉన్న నెలలు సర్వీసులో కలుస్తాయా? టైమ్ ఆఫీసులో (హాజరు లెక్క చూసేచోట) ‘240 రోజులు లేవు’ అంటున్నారు.

కలుస్తాయి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

నిరంతర సర్వీసుని చట్టం రెండు దారుల్లో ఒప్పుకుంటుంది. మొదటి దారి: మధ్యలో తెగకుండా ఉన్న సర్వీసు. అనారోగ్యం, మంజూరైన సెలవు, ప్రమాదం, చట్టబద్ధమైన సమ్మె, లాకౌట్, కార్మికుడి తప్పు లేకుండా పని ఆగిపోవడం వంటి వాటి వల్ల పనికి అంతరాయం వచ్చినా సర్వీసు తెగినట్టు కాదని అక్కడే రాసి ఉంది. పాత చట్టంలో ఇది 25బి సెక్షన్ మొదటి భాగం. ఈ దారిలో 240 రోజుల ప్రసక్తే లేదు.

రెండో దారి: మొదటి దారిలో నిరూపించలేనివాళ్ల కోసం. గడచిన 12 నెలల్లో 240 రోజులు పనిచేసి ఉంటే ఏడాది సర్వీసు ఉన్నట్టే భావిస్తారు. జీతంతో కూడిన వారాంతపు సెలవులు, పండగ సెలవులు కూడా ఈ 240లోకి వస్తాయని సుప్రీంకోర్టు 1985లో చెప్పింది. పని ప్రదేశంలో జరిగిన ప్రమాదం వల్ల రాలేకపోయిన రోజులు, పూర్తి జీతంతో వాడుకున్న ఈఎల్, ప్రసూతి సెలవు కూడా కలుస్తాయి. మామూలు జబ్బుతో జీతం లేకుండా ఉన్న రోజులు మాత్రం ఈ రెండో లెక్కలోకి రావు.

టైమ్ ఆఫీసు చేసేది ఏమిటంటే, రెండో దారి లెక్క వేసి మొదటి దారి లేనట్టు మాట్లాడటం. పర్మినెంటు కార్మికుడికి మొదటి దారి చాలు. బద్లీ కార్మికులు (రానివాళ్ల బదులు పనిచేసేవాళ్లు), మధ్యమధ్యలో బ్రేకులు వేయించుకున్న క్యాజువల్ వాళ్లు మాత్రం 240 రోజుల లెక్క కూడా సిద్ధం చేసుకోవాలి. ఎందుకంటే వాళ్ల బ్రేకులన్నిటికీ జబ్బే కారణమని చూపించడం కష్టం.

గ్రాట్యుటీకి కూడా ఇదే సూత్రం. అనారోగ్యం వల్ల గైర్హాజరైన కాలం సర్వీసుని తెంచదు.

మూడు నెలలుగా నాకు జీతమే లేదు. సగటు జీతం సున్నా కాబట్టి పరిహారం కూడా సున్నా అంటున్నారు. నిజమేనా?

తప్పు. ‘సగటు జీతం’ అంటే నెల జీతగాళ్లకి అంతకుముందు మూడు పూర్తి క్యాలెండర్ నెలల సగటు, వారం జీతగాళ్లకి నాలుగు పూర్తి వారాలు, రోజు కూలీలకి 12 పూర్తి పని దినాలు. కానీ నిర్వచనం అక్కడితో ఆగదు. ఆ నెలల్లో, ఆ వారాల్లో మనిషి పనిచేసి ఉంటేనే ఆ లెక్క. అలా లెక్క కట్టలేనప్పుడు ఆయన నిజంగా పనిచేసిన కాలంలోని జీతం సగటు తీసుకోవాలని అదే వాక్యం చివర్లో ఉంది. సిక్‌లో ఉన్న సున్నా నెలల్ని సగటులో కలపడం అంటే ఆ చివరి ముక్క చదవకపోవడమే.

పలాసలో కేజీ లెక్కన జీడిపప్పు ఒలిచే ఆడవాళ్లకి డబ్బు వారం వారం ఇస్తుంటే వారం లెక్క పట్టుకోవాలి. వాళ్ల విషయంలో సీజన్ మందకొడిగా ఉన్న వారాలు ఏరి సగటు కట్టే అలవాటు ఉంది. పనిచేసిన చివరి వారాల కూలి చీటీలు దగ్గర పెట్టుకుంటే దీన్ని అడ్డుకోవచ్చు.

ఒక లెక్క వేసి చూపించగలరా?

పైడిభీమవరంలో ఒక పర్మినెంటు ఆపరేటర్ అనుకుందాం. చేరింది 2014 జూన్ 1. సిక్‌లోకి వెళ్లింది 2025 సెప్టెంబర్ 1. రిట్రెంచ్ చేసింది 2026 జనవరి 15. బేసిక్, డీఏ కలిపి చట్టం ప్రకారం ‘వేతనం’ 15,600 రూపాయలు.

సర్వీసు 11 ఏళ్ల ఏడున్నర నెలలు. ఆరు నెలలు దాటింది కాబట్టి 12 ఏళ్లు. పదిహేను రోజుల సగటు జీతం అంటే నెల జీతంలో సగం, 7,800. పన్నెండుతో గుణిస్తే 93,600. నోటీసు ఇవ్వకపోతే ఇంకో 15,600. గ్రాట్యుటీకి సూత్రం వేరు: నెల వేతనాన్ని 26తో భాగించి 15తో గుణించాలి. 15,600 బై 26 అంటే 600, పదిహేను రోజులకి 9,000, పన్నెండేళ్లకి 1,08,000. రీస్కిల్లింగ్ ఫండ్ నుంచి 7,800. అన్నీ కలిపి 2,25,000. ఈఎల్ డబ్బు దీనికి అదనం.

ఇప్పుడు జరిగే తప్పు చూడండి. సిక్‌లోకి వెళ్లిన రోజుతో సర్వీసు ఆపేస్తే 2025 ఆగస్టు 31 నాటికి 11 ఏళ్ల 3 నెలలు. ఆరు నెలలు దాటలేదు కాబట్టి 11 ఏళ్లే. ఈ ఒక్క మార్పుతో పరిహారంలో 7,800, గ్రాట్యుటీలో 9,000, మొత్తం 16,800 రూపాయలు ఎగిరిపోతాయి. సెటిల్‌మెంట్ షీటులో సర్వీసు ‘నుంచి – వరకు’ తేదీలు చూడకుండా సంతకం పెట్టొద్దని చెప్పేది ఇందుకే.

రిట్రెంచ్‌మెంట్‌కి కూడా 26తో భాగించాలని కొన్ని యూనియన్లు అడుగుతుంటాయి. సుప్రీంకోర్టు 2007లో దాన్ని ఒప్పుకోలేదు. నెల జీతంలో సగమే లెక్క. 26 గ్రాట్యుటీకి మాత్రమే.

జీతం స్లిప్పులో బేసిక్ చాలా తక్కువ, అలవెన్సులే ఎక్కువ. అప్పుడు?

కొత్త కోడ్‌లు ఈ ఎత్తుకి అడ్డుకట్ట వేశాయి. ఇంటి అద్దె అలవెన్సు, కన్వేయన్స్ వంటివి మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేర తిరిగి వేతనంలో కలపాలి. మొత్తం 20,000లో బేసిక్, డీఏ 7,000 మాత్రమే ఉందనుకోండి. పరిహారం లెక్కకు కనీసం 10,000 పట్టాలి.

‘మీ ఆరోగ్యం బాగోలేదు కాబట్టి తీసేస్తున్నాం, ఇది రిట్రెంచ్‌మెంట్ కాదు’ అని లెటర్ ఇచ్చారు.

పాత చట్టంలో ఇది నిజంగానే మినహాయింపు. ‘నిరంతర అనారోగ్యం’ కారణంగా ఉద్యోగం ముగిస్తే అది రిట్రెంచ్‌మెంట్ కిందకి రాదని 2వ సెక్షన్‌లో ఉంది. అయినా యాజమాన్యం నోటి మాటతో ఆ మినహాయింపు దొరకదు. అనారోగ్యం నిరంతరమైనదని, ఆ పనికి పనికిరారని వైద్యపరంగా చూపించాలి. మీ వాదన వినాలి. ఆర్నెల్లు మంచాన పడి కోలుకుంటున్న టీబీ రోగికీ, ఇక ఆ పని చేయలేని మనిషికీ తేడా ఉంది.

2025 నవంబర్ 21 తర్వాత ఇచ్చిన లెటర్‌లో పాత చట్టం క్లాజు చూపిస్తే సరిపోదు. కోడ్‌లోని రిట్రెంచ్‌మెంట్ నిర్వచనంలో ఏ మినహాయింపు కింద తీసేస్తున్నారో రాసివ్వమని అడగండి. ఈ ప్రశ్న ఒక్కటి రాతలో పెడితే చాలాచోట్ల మాట మారుతుంది.

ఏదెలా ఉన్నా గ్రాట్యుటీ ఆగదు. జబ్బుతోనో ప్రమాదంతోనో పనికి అశక్తులైనవాళ్లకి ఐదేళ్ల షరతు కూడా లేదు.

హెచ్‌ఆర్ వాళ్లు రాజీనామా రాసిస్తే ‘మర్యాదగా’ సెటిల్ చేస్తామంటున్నారు.

రాయొద్దు. రాజీనామా చేసినవాళ్లకి రిట్రెంచ్‌మెంట్ పరిహారం లేదు, నోటీసు జీతం లేదు, రీస్కిల్లింగ్ ఫండ్ లేదు. పై లెక్కలో ఆపరేటర్‌కి మిగిలేది గ్రాట్యుటీ, ఈఎల్ డబ్బు మాత్రమే. రాజీనామాకి బదులు ఇస్తామన్న మొత్తం ఎంతైనా సరే, ముందు చట్టం లెక్క కట్టి పక్కన పెట్టుకుని చూడండి. వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) అయితే కథ వేరు. అది ప్యాకేజీ, బేరమాడవచ్చు. కానీ అదీ కాగితం మీద అంకెలతో రావాలి.

ఇంగ్లిషులో టైపు చేసిన కాగితం ఆస్పత్రి మంచం దగ్గరికి తెచ్చి సంతకం అడిగితే, ఫోన్లో ఫొటో తీసుకుని చదివించుకున్నాకే పెన్ను పట్టండి.

చెప్పకుండా మానేశానని పేరు కొట్టేశారు. అది రిట్రెంచ్‌మెంటేనా?

చాలా సందర్భాల్లో అవును. స్టాండింగ్ ఆర్డర్స్‌లో (ఫ్యాక్టరీ సర్వీసు నిబంధనల్లో) సెలవు అయ్యాక ఎనిమిది రోజుల్లో తిరిగి వచ్చి కారణం చెప్పకపోతే లీన్ (ఆ ఉద్యోగం మీద హక్కు) పోతుందనే రూలు మామూలుగా ఉంటుంది. దాన్ని పట్టుకుని రోల్స్ నుంచి పేరు తీసేస్తారు. కానీ గైర్హాజరు పేరుతో పేరు కొట్టేయడం కూడా రిట్రెంచ్‌మెంటేనని సుప్రీంకోర్టు 1982లో చెప్పింది. స్టాండింగ్ ఆర్డర్ ఉన్నా సరే సంజాయిషీ అడగకుండా, విచారణ లేకుండా అలా తీసేయడం చెల్లదని 1993లో ఇంకో తీర్పులో చెప్పింది.

మీరు చేయవలసింది ఒకటే. ఫ్యాక్టరీ నుంచి ‘ఎందుకు రావడం లేదు’ అని లెటర్ వస్తే ఏడు రోజుల్లోపు జవాబు పంపండి, మెడికల్ సర్టిఫికెట్ జతచేసి. జవాబు రాని లెటర్లు మూడు పోగుచేసుకుని, వాటి మీద డిస్మిస్ ఆర్డర్ కట్టడం పాత పద్ధతి. డిస్మిస్ అంటే శిక్ష, శిక్షకి పరిహారం లేదు. ఇల్లు మారి ఉంటే కొత్త చిరునామా రాతలో ఇవ్వండి, లేకపోతే లెటర్లన్నీ పాత ఇంటి తలుపు మీద అంటించి ‘అందింది’ అంటారు.

ఏ కాగితాలు ఉంటే కేసు నిలబడుతుంది?

ఈఎస్‌ఐ డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్లు మొదటిది: ఫస్ట్, ఇంటర్మీడియట్, ఫైనల్. వీటి మధ్య తేదీల్లో ఖాళీ ఉండకూడదు. పలాస కిడ్నీ ఆస్పత్రిలోనో విశాఖలోనో చూపించుకుంటూ ఉంటారు, డిస్పెన్సరీకి వెళ్లడం మానేస్తారు. ఖాళీ పడేది అక్కడే. బయటి డిశ్చార్జి సమ్మరీ తీసుకెళ్లి ఈఎస్‌ఐ డాక్టరు దగ్గర నమోదు చేయించండి. మనిషి వెళ్లలేని స్థితిలో ఉంటే ఇంట్లోవాళ్లు రిపోర్టులతో వెళ్లి అడగాలి.

రెండోది పీఎఫ్ పాస్‌బుక్. సిక్‌లో ఉన్న నెలలకి మీ పేరు మీద రిటర్ను వెళ్తుంటే ఎన్‌సీపీ (చందా లేని) రోజులు అని కనిపిస్తాయి. అంటే జీతం లేదు గానీ ఉద్యోగం ఉందని యాజమాన్యమే ఒప్పుకున్నట్టు. యూఏఎన్ (మీ పీఎఫ్ నంబరు) లాగిన్‌లో సర్వీస్ హిస్టరీ తెరిచి ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’ గడి చూడండి. ఖాళీగా ఉండాలి. అక్కడ తేదీ పడి ఉందంటే మీకు చెప్పకుండానే లెక్క తేల్చేశారన్నమాట. ఆ రోజే స్క్రీన్‌షాట్ తీసి, అభ్యంతరం రాతలో పంపండి.

మూడోది ఈఎస్‌ఐ రికార్డు. జీతం సున్నా ఉన్న నెలకి యాజమాన్యం పోర్టల్‌లో ఒక కారణం ఎంచుకోవాలి. ‘ఆన్ లీవ్’, ‘లెఫ్ట్ సర్వీస్’, ‘రిట్రెంచ్‌మెంట్’, ‘నో వర్క్’ ఇలా వరుసగా ఉంటాయి. సిక్‌లో ఉన్న మనిషికి ‘ఆన్ లీవ్’ పెట్టాలి. గుమస్తా పరాకుగా ‘లెఫ్ట్ సర్వీస్’ నొక్కితే వైద్యం, బెనిఫిట్, రేపటి పరిహారం మూడూ చిక్కుల్లో పడతాయి. బ్రాంచి ఆఫీసుకి వెళ్లి మీ పేరు మీద ఏం పడిందో అడగవచ్చు.

వీటితో పాటు అపాయింట్‌మెంట్ ఆర్డర్, చివరిగా పనిచేసిన ఆరు నెలల జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, గేటు పాసు. కాగితం చేతికిస్తే రెండో కాపీ మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి. వేయకపోతే పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి కౌంటర్లో రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు రెండూ కావాలని అడగాలి.

ఈఎస్‌ఐ నుంచి డబ్బు వచ్చింది కదా అని పరిహారంలో కోస్తామంటున్నారు.

కోయకూడదు. ఈఎస్‌ఐ డబ్బు బీమా, మీ చందాతో వచ్చేది. పరిహారం యాజమాన్యం బాధ్యత.

ఈఎస్‌ఐ ఎన్నాళ్లు ఇస్తుంది?

మామూలు సిక్‌నెస్ బెనిఫిట్ జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు. కంట్రిబ్యూషన్ పీరియడ్‌లో (చందా లెక్కించే ఆరు నెలల్లో) 78 రోజుల చందా ఉండాలి. ఏప్రిల్–సెప్టెంబర్ చందాకి తర్వాతి జనవరి–జూన్‌లో, అక్టోబర్–మార్చి చందాకి జూలై–డిసెంబర్‌లో బెనిఫిట్. టీబీ, క్యాన్సర్, దీర్ఘకాల కిడ్నీ వైఫల్యం, పక్షవాతం సహా 34 జబ్బులకి ఎక్స్‌టెండెడ్ సిక్‌నెస్ బెనిఫిట్ (ఈఎస్‌బీ) ఉంది: 80 శాతం, రెండేళ్ల వరకు. దానికి రెండేళ్లు బీమాలో ఉండాలి, గడచిన నాలుగు కంట్రిబ్యూషన్ పీరియడ్‌లలో 156 రోజుల చందా ఉండాలి. ఉద్దానం వైపు కార్మికులు 91 రోజులు అయిపోగానే ఇక ఏమీ రాదనుకుని వదిలేస్తుంటారు. డాక్టరుని ‘ఈఎస్‌బీ’ అని పేరు పెట్టి అడగండి.

ఒక జాగ్రత్త: పూర్తి జీతంతో ఈఎల్ వాడుకున్న రోజులకి సిక్‌నెస్ బెనిఫిట్ రాదు. రెండూ ఒకే తేదీలకి పెట్టొద్దు.

సెక్షన్‌లో నా తర్వాత చేరినవాళ్లు పనిచేస్తున్నారు. నన్నే ఎందుకు తీశారు?

అడగవలసిన ప్రశ్నే. ఒక కేటగిరీలో చివర చేరినవాళ్లని ముందు తీయాలి. అలా చేయకపోతే కారణాలు రాసి ఉంచాలి. ‘సిక్‌లో ఉన్నాడు, పనికి రావడం లేదు’ అన్నది సీనియారిటీ దాటడానికి తగిన కారణమేనా అన్నది గట్టిగా వాదించదగ్గ పాయింటు. సీనియారిటీ లిస్టు కాపీ కావాలని రాతలో అడగండి. లిస్టు లేకపోతే ఇంకా మంచిది, మీకు.

మా ఫ్యాక్టరీలో చాలామంది ఉన్నారు. ప్రభుత్వ అనుమతి అక్కర్లేదా?

పాత చట్టంలో 100 మంది, కొత్త కోడ్‌లో 300 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న ఫ్యాక్టరీలకి ముందస్తు అనుమతి తప్పనిసరి, నోటీసు మూడు నెలలు. అనుమతి లేని రిట్రెంచ్‌మెంట్ చెల్లదు.

మిల్లు లే-ఆఫ్‌లో ఉంది, నేను సిక్‌లో ఉన్నాను. లే-ఆఫ్ డబ్బు వస్తుందా?

రాదు. లే-ఆఫ్ అంటే పని ఇవ్వలేక కార్మికుల్ని తాత్కాలికంగా ఆపడం. లే-ఆఫ్ పరిహారానికి, అంటే బేసిక్, డీఏల్లో సగానికి, రోజూ గేటు దగ్గర హాజరు కావాలి. సిక్‌లో ఉన్నవాళ్లు ఈఎస్‌ఐ బెనిఫిట్ తీసుకోవాలి. మిల్లు శాశ్వతంగా మూసేస్తే మాత్రం సిక్‌లో ఉన్నవాళ్లకీ మిగతావాళ్లతో సమానంగా, రిట్రెంచ్‌మెంట్ లెక్క ప్రకారమే డబ్బు రావాలి. యాజమాన్యం చేతిలో లేని, తప్పించుకోలేని కారణంతో మూసేస్తే మూడు నెలల సగటు జీతమే గరిష్ఠం. అయితే నష్టాలు, అమ్ముడుపోని సరుకు, లైసెన్సు గడువు తీరడం అలాంటి కారణాల కిందకి రావని చట్టంలోనే ఉంది.

నేను కాంట్రాక్టర్ కింద ఉన్నాను.

మీ యజమాని కాంట్రాక్టరే. పరిహారం అతనే ఇవ్వాలి. అతను ఎగ్గొట్టిన జీతం బకాయికి ఫ్యాక్టరీ బాధ్యత పడుతుంది, కాబట్టి ఫిర్యాదులో ఇద్దరి పేర్లూ రాయండి. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా పీఎఫ్‌లో కొత్త సంస్థ పేరు పడుతుంది. పాస్‌బుక్‌లో అన్ని సంస్థల పేజీలూ తీసిపెట్టుకోండి. ఒకే గేటులో ఎన్నేళ్లున్నారో చూపించేది అదే. గడువు రాసిన ఫిక్స్‌డ్ టర్మ్ ఒప్పందం గడువు తీరి ముగిస్తే రిట్రెంచ్‌మెంట్ పరిహారం రాదు, కానీ కొత్త కోడ్ కింద ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ వస్తుంది.

షాపులో, హోటల్లో పనిచేసేవాళ్లకి?

ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988 ప్రకారం ఆరు నెలలు నిరంతరంగా పనిచేసినవాళ్లని సరైన కారణం లేకుండా తీసేయాలంటే నెల నోటీసు లేదా నెల జీతం ఇవ్వాలి. అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లండి.

చెక్కు పంపారు, తక్కువగా ఉంది. తీసుకుంటే హక్కు పోతుందా?

తీసుకోండి. రసీదు మీద ‘నిరసనతో స్వీకరిస్తున్నాను, మిగతా మొత్తంపై హక్కు నిలుపుకుంటున్నాను’ అని సంతకం పైన మీ చేత్తో రాయండి. ‘ఫుల్ అండ్ ఫైనల్, ఇక ఏ బకాయీ లేదు’ అన్న వాక్యం ఉంటే కొట్టేసి పొడి సంతకం పెట్టండి. ఒప్పుకోకపోతే డబ్బు బ్యాంకులో వేయమనండి.

ఇంకో సంగతి. నోటీసు, పరిహారం రెండూ రిట్రెంచ్‌మెంట్‌కి ముందు షరతులు. తీసేసి, మూడు నెలల తర్వాత చెక్కు పంపితే ఆ రిట్రెంచ్‌మెంటే చెల్లకుండా పోయే అవకాశం ఉంది. అయితే ఈ మధ్య కోర్టులు తిరిగి ఉద్యోగంలోకి పంపడం కంటే ఒకే మొత్తంగా పరిహారం ఇప్పించడం ఎక్కువైంది. లాయరుతో మాట్లాడేటప్పుడు ఈ రెండూ తెలిసి ఉండాలి.

ఎక్కడ ఫిర్యాదు చేయాలి? ఎంతలోపు?

శ్రీకాకుళం, విజయనగరంలోని లేబర్ డిపార్ట్‌మెంట్ ఆఫీసులో కన్సీలియేషన్ (రాజీ కుదర్చమనే) దరఖాస్తు. రైల్వే, బ్యాంకు లాంటి కేంద్ర పరిధి సంస్థలకి విశాఖలోని అసిస్టెంట్ లేబర్ కమిషనర్, సెంట్రల్. దరఖాస్తు వేసి 45 రోజులు గడిచినా తేలకపోతే నేరుగా ట్రైబ్యునల్‌కి వెళ్లవచ్చు. కొత్త కోడ్‌లో మొత్తం గడువు రెండేళ్లు, పాత చట్టంలో మూడేళ్లు. ఏ చట్టం వర్తిస్తుందో అన్న తగువులో పడకుండా రెండేళ్లలోపే వేసేయండి. లెక్క తేలిన మొత్తం చేతికి రాకపోతే వసూలు దరఖాస్తుకి ఏడాదే గడువు.

లాయరు ఖర్చుకి భయపడొద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పారిశ్రామిక కార్మికులకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేయవచ్చు.

పన్ను కట్టాలా?

చట్టం లెక్క ప్రకారం వచ్చే రిట్రెంచ్‌మెంట్ పరిహారానికి 5 లక్షల వరకు మినహాయింపు ఉంది. గ్రాట్యుటీకి వేరే మినహాయింపు. రెండూ ఒకే పద్దులో వేసి టీడీఎస్ కోస్తే విడగొట్టమని అడగండి.

డయాలిసిస్‌లో ఉన్నవాళ్లకి ఇంకేమైనా వస్తుందా?

రాష్ట్ర ప్రభుత్వం ఎన్టీఆర్ భరోసా కింద డయాలిసిస్ రోగులకి నెలకి 10,000 రూపాయలు ఇస్తోంది. సచివాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. పూర్తిగా, శాశ్వతంగా పని చేయలేని స్థితి వస్తే పీఎఫ్ పెన్షన్ స్కీములో డిజేబుల్‌మెంట్ పెన్షన్ ఉంది. దానికి పదేళ్ల సర్వీసు అక్కర్లేదు, ఒక నెల చందా ఉన్నా చాలు. ఫారం 10డి వేయాలి. ఈ దరఖాస్తు పెట్టేముందు ఒక్కసారి ఆగి ఆలోచించండి. ‘శాశ్వతంగా అశక్తుణ్ని’ అని మీరే రాసిస్తే, రిట్రెంచ్‌మెంట్ కేసులో ‘నిరంతర అనారోగ్యం’ అన్న యాజమాన్యం వాదనకి అదే ఆధారమవుతుంది. కేసు నడుస్తుంటే మీ లాయరుకి చూపించాకే వేయండి.

కోలుకున్నాను. మళ్లీ తీసుకోమని అడగవచ్చా?

అడగవచ్చు. కొత్త కోడ్ ప్రకారం రిట్రెంచ్ చేసిన ఏడాదిలోపు అదే పనికి మనుషుల్ని తీసుకుంటే, రిట్రెంచ్ అయినవాళ్లకి ముందు అవకాశం ఇవ్వాలి, కొత్తవాళ్ల కంటే ప్రాధాన్యం చూపాలి. ఈఎస్‌ఐ ఫైనల్ సర్టిఫికెట్ జతచేసి, ‘పనికి సిద్ధంగా ఉన్నాను’ అని ఇప్పుడే ఒక లెటర్ పంపి ఉంచండి. ఖాళీలు పడ్డాక కాదు.